గువ్వకి రెండు పక్కలు

జూన్ 3

కొత్త బండి ఈ రోజు మొదలైంది. పేరు గువ్వ. ప్రతి బండికీ ఓ పిట్ట పేరు పెట్టడం మా పెద్దాయనకి సరదా. స్టూడియో ఆయనది, పిట్టలూ ఆయనవే. కిందటి బండి పేరు గద్ద. అది ఎగరకుండానే అటకెక్కింది, ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

ఈసారి మోటారు షోకి కాన్సెప్ట్ కారు. జనానికి నచ్చితే ఆ తరవాత రెండు వందల బండ్లు స్పెషల్ ఎడిషన్ అని చేసి, ఒక్కోదానికీ నంబరు చెక్కిన రేకు బిగించి అమ్ముతారు. పెద్దాయన పొద్దున్నే అందరినీ నిలబెట్టి దాని గొప్పలన్నీ చదివాడు. కరెంటు బండి. ఆగి ఉన్న చోటు నుంచి వంద వేగం అందుకోవడానికి మూడు సెకన్లు. ముందు తలుపు ముందుకీ, వెనక తలుపు వెనక్కీ తెరుచుకుంటాయి, మధ్యలో స్తంభం ఉండదు. పక్క అద్దాల బదులు వేలెడంత కెమెరాలు. స్టీరింగు అక్కర్లేనప్పుడు మడిచి లోపలికి తోసేయొచ్చు. అంతా చదివి, "ఇవన్నీ కాగితం మీద బానే ఉంటాయి. జనం మనసు పారేసుకునేది మాత్రం పక్కనుంచి చూసే," అన్నాడు.

ఆ పక్కలు చేసేది మేము. బంకమట్టితో, అసలు బండి ఎంతుంటుందో అంత, చేతులతో. కంప్యూటర్లున్న కాలంలో మట్టి పిసుకుడేమిటని బయటివాళ్ళు నవ్వుతారు. తనూ పెళ్ళయిన కొత్తలో నవ్వింది.

డిజైనర్లు గీసినవాటిలో రెండు మిగిలాయి. ఏదీ వదలబుద్ధి కాక, ఎప్పట్లాగే ఒకే మట్టి బండి మీద చెరో పక్క చేయమన్నారు. రివ్యూ రోజున మధ్యలో నిలువుటద్దం పెట్టి ఒక్కో పక్కనే పూర్తి బండిగా చూసుకుంటారు. నచ్చిన పక్క ఉంటుంది, నచ్చని పక్కని గీకేస్తారు. ఎడమ పక్క పొడుగమ్మాయి గీసింది. దానికి మట్టి వేసేది నేను. కుడి పక్క టోపీవాడు గీసింది. దానికి వాడు.

వాడంటే మా బావమరిది. తన తమ్ముడు.

తను ఇల్లు వదిలి వెళ్ళిపోయిన సంగతి పెద్దాయనకి తెలియకపోవడం ఏమిటి, తెలిసే వేశాడు. "నా దగ్గరున్న మంచి చేతులు మీ ఇద్దరివే," అన్నాడు. నాకే ఇబ్బందీ లేదని చెప్పాను. వాడూ అదే చెప్పాడట.

జూన్ 4

వాడు నన్ను సార్ అన్నాడు. "సార్, ఆ ఓవెన్ తలుపు కాస్త వేస్తారా?" అని.

ఈ పనిలోకి నేను తెచ్చినవాడు. బావా బావా అంటూ నా వెనకే తిరుగుతూ మట్టి వేయడం నేర్చుకున్నవాడు.

తలుపు వేశాను.

జూన్ 10

మట్టి బాగా పడుతోంది. ఓవెన్‌లో మెత్తబడ్డ ముద్దలు తెచ్చి బొటనవేలితో అదిమి అదిమి వేస్తున్నాం. చల్లారాక సబ్బుబిళ్ళలా గట్టిపడుతుంది, అప్పుడు గీకుడు మొదలు. వాడి పక్కనుంచి వచ్చే చప్పుడుని బట్టి వాడెక్కడ ఉన్నాడో చెప్పగలను. వెనక చక్రం దగ్గర. ఇప్పుడు తలుపు దగ్గర. ఇప్పుడు ఆగాడు, నడుం పట్టేసినట్టుంది. వాడికి చిన్నప్పటి నుంచీ నడుం నొప్పి. కింద గోనెపట్టా పరుచుకుని కూర్చోమని ఎన్నిసార్లు చెప్పానో.

నేనేం పనిగట్టుకుని వినడం లేదు. బండికి అవతలే కదా ఉన్నాడు, వినబడుతుంది.

జూన్ 15

ఆదివారం. ఇల్లు సర్దాను. సర్దడానికేముంది, నేనొక్కణ్ణే. బీరువాలో తువ్వాళ్ళు తీసి మళ్ళీ మడత పెట్టాను. తను నాలుగు మడతలు పెట్టేది. మూడు మడతలు పెడితే అరలో సరిగ్గా పడతాయి. ఇన్నేళ్ళూ తను మడిచి పెట్టినవి తీసి నేను మళ్ళీ మడిచేవాణ్ణి. ఒక్కసారి కూడా కాదనలేదు. అంటే తనకీ నచ్చినట్టే.

మధ్యాహ్నం గుడ్లు ఉడకబెట్టుకున్నాను. సాయంత్రం వీధి చివరిదాకా నడిచి వచ్చాను. ఎవరూ కనిపించలేదు. కనిపించినా ఏం మాట్లాడతాను?

జూన్ 24

బండి మధ్యలో, ముక్కు నుంచి తోకదాకా ఒక గీత ఉంటుంది. పక్కలు రెండూ ఎంత వేరైనా ఆ గీత దగ్గర ఎత్తు ఒక్కటే ఉండాలి. లేకపోతే అద్దం ఆనదు. అంటే ఆ గీత దగ్గరికొచ్చేసరికి ఇద్దరూ మాట్లాడుకోక తప్పదు.

మాట్లాడుకోకుండానే కానిచ్చాం. మధ్యలో మిషనమ్మ నలిగింది. మిల్లింగ్ మిషను, కొలతల స్కాను ఆవిడ చూస్తుంది. స్టూడియోలో అందరికన్నా పాత మనిషి, నోరు కూడా అంత పాతదే.

"అక్కా, పైకప్పు దగ్గర రెండు మిల్లీమీటర్లు దించమని సార్‌కి చెప్పవా?" అన్నాడు వాడు అటునుంచి.

"దించనని చెప్పు," అన్నాను ఇటునుంచి.

"నేను మిషను ఆపరేటర్ని నాయనా, మీ ఇద్దరికీ రాయబారిని కాదు," అంది ఆవిడ. "మధ్యలో ఇంత ఎత్తు బండి ఉంటే ఒకళ్ళ మొహం ఒకళ్ళకి కనబడదనుకుంటున్నారా? కాళ్ళు కనిపిస్తున్నాయి, నవ్వొస్తోంది నాకు."

చివరికి ఒక మిల్లీమీటరు దించాను. వాడో మిల్లీమీటరు ఎక్కించాడు.

జూలై 2

పెద్దాయన ఈ రోజు ఇంకో మాట చెప్పాడు. రివ్యూలో నెగ్గిన పక్క మనిషి షోదాకా గువ్వతోనే ఉంటాడు. రెండో అతను కొత్తగా పెట్టిన స్టూడియోకి వెళ్ళాలి. వేరే ఊరు, రైల్లో ఒక పగలంతా ప్రయాణం. అక్కడ పని తెలిసిన పాత చెయ్యి ఒకటి కావాలట.

నేను నెగ్గితే వాడు వెళ్తాడు. ఓడితే నేను వెళ్తాను. ఎలా చూసినా ఒకటే. వాడి నోట ఎప్పుడైనా తన కబురు తెలుస్తుందని నేనేం కాచుకు కూర్చోలేదు కాబట్టి నాకు పోయేదేమీ లేదు.

జూలై 3

నిద్ర సరిగా పట్టలేదు.

జూలై 8

వాడి పక్కన పల్లం పడింది.

ముందు చక్రం దాటాక, తలుపు మొదట్లో, మూరెడు పొడవున. లోతు పెద్దగా లేదు, వేలి మందం కూడా ఉండదు. మధ్యాహ్నం అటువైపు మంచినీళ్ళకి వెళ్ళినప్పుడు కంట పడింది. చెయ్యి అలసిపోయినప్పుడు పడే పల్లం. స్టీలు పట్టీని ఒత్తి లాగేస్తాం, మట్టి లేచిపోతుంది, మనకి తెలియదు. వాడికిది మొదటి నుంచీ ఉన్న జబ్బే. పాత రోజులైతే పక్కకి జరగరా అని నేనే పూడ్చేసేవాణ్ణి.

చెబుదామనే వెళ్ళాను. "ఏం సార్?" అన్నాడు తలెత్తకుండా. నీళ్ళ మిషను పాడైందా అని అడిగి వచ్చేశాను.

జూలై 12

పల్లం అలాగే ఉంది. పైగా దాని అంచులు నున్నగా చేశాడు. తప్పుని తోమి మెరిపించడమంటే ఇదే. రివ్యూ రోజున వెండి ఫిల్ము అతికిస్తారు, పైన దీపాల వెలుగు దాని మీద గీతల్లా పారుతుంది. ఉన్నది ఉన్నట్టు బయటపడుతుంది. అందరి ముందూ వాడి పరువు పోతుంది. నేర్పినవాడిగా నాదీ పోతుంది.

నా పక్క బాగా వచ్చింది. పొడుగమ్మాయి కూర్చుని, నిలబడి, వంగి చూసి, "గీసినప్పుడు కూడా ఇంత బాగా లేదు మాస్టారూ," అంది. భుజం గీత ముందు దీపం నుంచి వెనక దీపం దాకా ఎక్కడా తడబడకుండా పోతుంది. సంతోషంగానే ఉంది. ఇంటికొచ్చి ఈ మాట ఎవరికి చెప్పాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

జూలై 17

రేపే రివ్యూ. మిషనమ్మ టీ తాగుతూ, "మీ బామ్మర్ది రేపు మధ్యాహ్నం బస్‌స్టాండుకి వెళ్తాడట. వాళ్ళక్క వస్తోందట కంటి డాక్టరుకి చూపించుకోవడానికి," అంది. నా మొహం చూస్తూ చెప్పింది.

కళ్ళకేమైందని అడగలేదు. అడిగితే ఊరంతా చెబుతుంది.

జూలై 18, మధ్యాహ్నం

వాడు బస్‌స్టాండుకి వెళ్ళాడు. టోపీవాడు భోజనానికి వెళ్ళాడు. ఫిల్ము అతికించేవాళ్ళు ఇంకా రాలేదు. స్టూడియో ఖాళీ.

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. ఒకరి మట్టిని ఇంకొకరు ముట్టుకోవాలంటే ముందు అడగాలి. ఎంత పెద్దవాడైనా సరే. వాడికి మొదటి రోజున నేను చెప్పిన మొదటి మాట అదే. కానీ అడగడానికి మనిషి ఉండాలి కదా.

ఓవెన్‌లోంచి రెండు ముద్దలు తెచ్చి పల్లం పూడ్చేశాను. పట్టీతో నున్నగా లాగాను. అరగంట కూడా పట్టలేదు. ఇప్పుడు వాడి పక్క భుజం గీత కిందంతా తిన్నగా ఉంది. ఎవరికీ చెప్పను. సాయం చేసి చాటింపు వేసుకునే రకం కాదు నేను.

మనసు తేలిగ్గా ఉంది. వాడితో మాట్లాడినంత తృప్తిగా ఉంది.

జూలై 18, సాయంత్రం

నా పక్క నెగ్గింది.

అద్దం పెట్టారు, పైవాళ్ళు వచ్చారు, అటూ ఇటూ తిరిగారు. కుడి పక్క దగ్గర ఒకాయన, "తీరుగా ఉంది, కానీ ఇలాంటివి చాలా చూశాం," అన్నాడు. టోపీవాడు నోరు తెరిచి మళ్ళీ మూశాడు. వాడు అప్పుడే బస్‌స్టాండు నుంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఫిల్ము మీద వెలుగు గీత తిన్నగా పోవడం చూశాడు. చూసి నా వైపు తిరిగాడు. నేను నవ్వబోయాను.

అందరూ వెళ్ళాక చేతులు కడుక్కునే చోట నా పక్కన వచ్చి నిలబడ్డాడు.

"నా పక్కకి వచ్చారు మీరు."

"ఎవరన్నారు?"

"ఎవరో అనాలా? ఎడమచేత్తో లాగి చివర్లో పైకి తిప్పేది ఇక్కడ మీరు తప్ప ఎవరున్నారు? ఫిల్ము లేపి చూశాను."

"అక్కడ పల్లం పడిందిరా. నువ్వు చూసుకోలేదు. నలుగురిలో నవ్వులపాలవుతావని..."

"పడలేదు. నేను పెట్టాను." తడి చేతులతోనే నా వైపు తిరిగాడు. "చక్రం దగ్గర సుడి తిరిగే గాలి అందులోకి దిగి తలుపు మీదుగా వెనక్కి జారిపోవాలని పెట్టాను. ఆ మట్టి ఎన్నిసార్లు తీసి ఎన్నిసార్లు వేశానో తెలుసా? టోపీకి తప్ప ఎవరికీ చెప్పలేదు, రివ్యూలో అందరూ ఒక్కసారే చూడాలని. నేనే భయపడి పూడ్చేశాననుకుంటున్నాడు వాడిప్పుడు."

"నాకు తెలియదు కదా."

"అడిగితే తెలుస్తుంది. నువ్వడగవు. ఎప్పుడూ అడగవు." కోపంలో మీరు పోయి నువ్వు వచ్చింది. "అక్క మడిచిన తువ్వాలు మళ్ళీ మడుస్తావు. అక్క ఎవరికైనా కబురు చెబుతుంటే పక్కగది నుంచి అరిచి తప్పులు దిద్దుతావు. మా నాన్న పోయిన రోజున, వచ్చినవాళ్ళు అడిగితే, డెబ్బై రెండేళ్ళండీ అని ఏడుస్తూ చెప్పింది. డెబ్బై ఒకటి అన్నావు నువ్వు. గుర్తుందా?"

"డెబ్బై ఒకటే కదా," అన్నాను.

వాడు కొళాయి కట్టేసి తల ఊపాడు.

"పెద్దాయనకి చెప్పు మరి," అన్నాను.

"చెప్పను. మా బావ చేశాడని నేనెలా చెప్తాను?"

వెళ్ళిపోయాడు. బావ అన్నాడు. నాతో కాదు, నా గురించి.

జూలై 19

లెక్క వేసి చూశాను. డెబ్బై ఒకటే.

జూలై 20

ఆదివారం. తువ్వాళ్ళ అర తెరిచి, మళ్ళీ మూసేశాను.

తను ఈ ఊళ్ళోనే ఉంది, తమ్ముడింట్లో. కంటి డాక్టరు రేపు చూస్తాడో ఎల్లుండి చూస్తాడో. ఫోను చేతిలోకి తీసుకుని పేరు దాకా వెళ్ళాను. ఏమని అడగాలి? కళ్ళకేమైంది అంటే చాలు. ఒక్క మాట. నాకు నోరు రాలేదు. చదువుకునే అద్దాలు మార్చుకోమని పోయినేడే చెప్పాను, వినలేదు అన్న మాట ఒక్కటే నాలుక మీద తయారుగా ఉంది. సిగ్గేసింది. ఇంట్లో ఇంకో మనిషి లేకపోవడం మంచిదే అనిపించింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

జూలై 21

బుధవారం కుడి పక్క గీకేస్తారట. మిషను ఎడమ పక్కని చూసి అటు కూడా అదే చెక్కుతుంది. వాడు పనిముట్లు ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో పెట్టుకుంటున్నాడు. పొడుగమ్మాయి అందరికీ కాఫీలు తెప్పించింది. నాకు పెద్ద కప్పు.

మిషనమ్మ దగ్గరికి వెళ్ళి, కుడి పక్క పాత స్కాను ఏదైనా ఉందా అని అడిగాను.

"ఏం, అది కూడా సరిచేస్తావా?" అంది. అంటే ఆవిడకీ తెలుసు. అయినా తెర మీద తెరిచింది. దీపాల వెలుగు వేసి మెల్లగా తిప్పింది.

ఇన్నాళ్ళూ ఆ పల్లాన్ని నేను వంగి, దగ్గరగా, తప్పు వెతికే కంటితోనే చూశాను. నాలుగడుగులు వెనక్కి జరిగి ఒక్కసారీ చూడలేదు. దుప్పటి మీద అరచెయ్యి ఆనించి తీస్తే పడే గుంటలా ఉంది. చక్రం పక్క నుంచి వచ్చిన వెలుగు అందులోకి దిగి, కాసేపు నిలిచి, తలుపు చివర తేలింది. బండి ఆగి ఉన్నా కదులుతున్నట్టుంది. దాని పక్కన నా భుజం గీత బడిపిల్లాడు స్కేలు పెట్టి గీసినట్టు ఉంది.

నాకన్నా బాగా చేశాడు. నేను నేర్పనిది చేశాడు. దాన్ని అరగంటలో పూడ్చేసి సాయం చేశానని రాసుకున్నాను ఇక్కడ.

"ఎంత బాగుంది," అన్నాను.

"నాకెందుకు చెప్తావ్?" అంది మిషనమ్మ.

జూలై 22

పెద్దాయన గదికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"వేరేవాళ్ళ మట్టి ముట్టుకున్నావా? నువ్వా?"

"నేనే."

"నువ్వు నోరు విప్పకపోతే ఈ సంగతి నాకు తెలిసేది కాదు."

"వాడికి తెలుసు కదండీ."

"ఇప్పుడు ఇంకో రివ్యూ అంటే పైవాళ్ళు నా తల తింటారు. నీ పక్క ఓడితే నువ్వు వెళ్ళాలి, తెలుసుగా?"

తెలుసన్నాను. తిట్టాడు. చాలాసేపు తిట్టాడు. ఆఖర్న స్కాను చూపించమన్నాడు. చూశాక తిట్టడం మానేశాడు.

జూలై 25

వాడు పల్లాన్ని మళ్ళీ తీశాడు. మళ్ళీ అద్దం పెట్టారు. పోయినసారి పెదవి విరిచినాయన ఈసారి తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ఒక చెయ్యి జేబులోంచి తీసి, ముట్టుకోవచ్చా అని వాణ్ణి అడిగాడు.

కుడి పక్క నెగ్గింది.

పొడుగమ్మాయి నా దగ్గరికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మీరు చేసింది న్యాయమే మాస్టారూ. కానీ ఈ పక్క నాది కూడా. వెళ్ళి చెప్పే ముందు నాతో ఒక్క మాట అనాల్సింది."

"అంటే ఏమనేదానివి?"

"ఏమో. అడిగితే కదా తెలిసేది."

నాకు తల కొట్టేసినట్టయింది. తప్పు దిద్దుకోవడానికి కూడా అడక్కుండానే పోయాను.

జూలై 30

మిషను ఎడమ పక్కని కుడి పక్కలా చెక్కింది. మిషను చెక్కుడు గరుకుగా ఉంటుంది, దాన్ని మనిషి చేత్తో నునుపు చేస్తేనే అచ్చు తీయగలరు. ఆ అచ్చులోంచే షో బండి ఒళ్ళు పోస్తారు. వాడికి ముందు భాగం, తోక మిగిలి ఉన్నాయి, రోజులు చాలవు. వెళ్ళే లోపు ఎడమ పక్క నన్ను ముగించమన్నాడు పెద్దాయన.

నా భుజం గీత ఎక్కడుండేదో ఇప్పుడు నాకే ఆనవాలు లేదు.

పల్లం రావడం లేదు. అంచుల దగ్గర నా చెయ్యి దానంతటదే పూడ్చేస్తోంది. తీస్తే లోతైపోతోంది, వేస్తే చదునైపోతోంది. ఇన్నేళ్ళ చెయ్యి, మొండికేసిన గాడిదలా తయారైంది.

జూలై 31

ఈ రోజూ రాలేదు. కొలతలన్నీ సరిపోయాయని మిషనమ్మ అంది. కొలతలు సరిపోయాయి, వెలుగు సరిపోలేదు.

ఆగస్టు 1

బండి చుట్టూ తిరిగి వాడి పక్కకి వెళ్ళాను. ఇదివరకు ఎన్నిసార్లు వెళ్ళినా చేతిలో ఏదో ఒక పనిముట్టు ఉండేది. ఈసారి ఊరికే వెళ్ళాను.

"ఒరే, ఆ పల్లం నాకు రావడం లేదు. చూపిస్తావా?"

వాడు తలెత్తాడు. నేను ఎగతాళి చేస్తున్నానేమోనని చూసినట్టున్నాడు. తరవాత పట్టీ కింద పెట్టి నా వెనకాలే వచ్చాడు. నా మణికట్టు పట్టుకుని చేతిని మట్టి మీద ఆనించాడు.

"కళ్ళు మూసుకో. ఒత్తకు. ఇక్కడిదాకా బరువు నీది. ఇక్కడ వదిలెయ్."

"వదిలేస్తే గీత ఆగిపోతుందిగా?"

"ఆగదు. చెయ్యి ఆగుతుంది, గీత పోతుంది. నువ్వు చివరిదాకా తీసుకెళ్ళి దిగబెట్టక్కర్లేదు దాన్ని."

సాయంత్రం దాకా చేశాం. నాలుగైదు సార్లు చెడగొట్టాను. చెడినప్పుడల్లా వాడు నా మట్టిని ముట్టుకోలేదు, మళ్ళీ చెయ్యమన్నాడు. ఆఖరిసారి ఫిల్ము ముక్క అతికించి దీపం వేశాం. వెలుగు దిగింది, నిలిచింది, తేలింది.

"వచ్చింది," అన్నాడు. సార్ అనలేదు. బావా అనీ అనలేదు. నడుం పట్టుకుని లేచాడు. కింద పట్టా పరుచుకోమని చెప్పబోయి ఊరుకున్నాను.

"అక్క కంటికి ఏమైంది?" అని అడిగాను.

"పొర వచ్చింది. తీసేశారు. వచ్చే వారం ఊరికి వెళ్ళిపోతుంది."

ఇంకా ఏమైనా అడుగుతానేమోనని కాసేపు నిలబడ్డాడు. నాకు ఇంకో ప్రశ్న తట్టలేదు. అలవాటు లేని పని కదా.

ఆగస్టు 9

రైలు ఎక్కాను. స్టేషనుకి వస్తానని వాడనలేదు. రమ్మని నేనడగలేదు. అడిగి ఉండాల్సింది.

ఆగస్టు 20

కొత్త ఊరు. ఒకటే గది. కిటికీ అవతల ఇంకో కిటికీ, అందులో ఎవరూ ఉండరు. స్టూడియోలో అందరూ చిన్నవాళ్ళు, మంచివాళ్ళే. నన్ను సార్ అంటారు. ఇక్కడ ఆ మాటకి నొప్పి లేదు.

సెప్టెంబరు 6

ఏమీ లేదు.

సెప్టెంబరు 14

ఒక పిల్ల వెనక దీపం దగ్గర అంచు వంకరగా తీసింది. నా చెయ్యి దానంతటదే లేచింది. జేబులో పెట్టుకున్నాను. "ఇది కావాలనే ఇలా తీశావా?" అని అడిగాను. "లేదు సార్, చెయ్యి జారింది," అని నవ్వింది. ఈ ముక్క వాడికి చెబితే ఎంత నవ్వేవాడో. అన్నం తినబుద్ధి కాలేదు.

అక్టోబరు 5

ఈ రోజు మోటారు షో. సాయంత్రం టీవీలో చూపించారు. గదిలో ఒక్కణ్ణే కూర్చుని చూశాను.

గువ్వకి బూడిద రంగు వేశారు. వర్షం పడేముందు ఆకాశం ఉండే రంగు. పొగ వదిలారు, పాట పెట్టారు. మూడు సెకన్లలో వంద వేగం అంటూ ఊదరగొట్టి, చిన్న మోటారుతో మనిషి నడిచే వేగంలో స్టేజీ మీదకి తెచ్చారు. షో బండ్లన్నీ అంతే, లోపల అసలు మోటారూ ఉండదు పాడూ ఉండదు. తలుపులు రెండు రెక్కల్లా విచ్చుకున్నాయి. జనం చప్పట్లు. తరవాత పల్లం గురించి చెప్పారు. చక్రం దగ్గర గాలి దాని వెంట జారుతుందనీ, దాని వల్లే ఒక్క చార్జింగుకి బండి ఇంకొంచెం దూరం పోతుందనీ. రెండు వందల స్పెషల్ ఎడిషన్ బండ్లకీ అది అలాగే ఉంటుందట. స్టేజీ ఎలా కట్టారో ఏమో, ఉన్నంతసేపూ ఎడమ పక్కే చూపించారు. నేను చేసిన పక్క. వెలుగు అందులోకి దిగి, నిలిచి, తేలింది. నేను గట్టిగా ఏదో అన్నాను. గదిలో ఎవరూ లేరు.

అప్పుడు ఫోను మోగింది. తను.

"టీవీలో చూశాను," అంది. పలకరింపేమీ లేకుండా, రోజూ మాట్లాడుకుంటున్నట్టు. "ఇప్పుడు కళ్ళు బాగా కనిపిస్తున్నాయి. తమ్ముడు చేసిన పక్కే చూపించారు మొత్తం."

ఎడమ పక్క అది. వాడిది కుడి పక్క. తమ్ముడిదీ ఇదే పనైనా, నాతో కాపురం చేసినా, బండికి ఎటు ఎడమో ఎటు కుడో తనకి ఎప్పటికీ రాలేదు.

"అవును," అన్నాను. "వాడు చేసిందే."

తను కాచుకుని ఉన్నట్టుంది. నేనింకా ఏదో అంటానని, అనకుండా ఉండలేనని.

"అంతేనా?" అంది.

"అంతే. చాలా బాగా చేశాడు."

ఫోనులో తన ఊపిరి వినిపిస్తోంది. పెట్టేస్తుందేమోనని భయమేసింది. "నువ్వెలా ఉన్నావ్?" అని అడిగాను. బాగానే ఉన్నానంది. చుక్కల మందు ఇంకా వేసుకుంటున్నానంది. వాళ్ళ పక్కింటివాళ్ళు ఖాళీ చేశారంది. నేను ఊఁ కొట్టాను. నా గొంతు పూడుకుపోయింది, ఊఁ కన్నా పెద్ద మాట వచ్చేలా లేదు.

"నీకు జలుబు చేసినట్టుంది," అంది చివర్లో. "వేడినీళ్ళు కాచుకుని తాగు. ఉంటాను."

"సరే," అన్నాను.

నాకు జలుబేమీ లేదు. లేచి వేడినీళ్ళు కాచుకుని తాగాను.